రెండు రోజులు మాత్ర మానితే వచ్చిన ఆ వణుకు ఏమిటి?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. పద్నాలుగు నెలలుగా ఆందోళనకు ఆల్ప్రజోలం 0.5 మి.గ్రా. మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటున్నాను. మొదట రాసిన డాక్టరు ఆరు వారాలకే అన్నారు. తర్వాత పాత చీటీనే తిరగరాయించుకుంటూ వచ్చాను. ఈమధ్య మధ్యాహ్నం మూడు దాటేసరికి గుండెదడ మొదలై రాత్రి మాత్ర పడేదాకా తగ్గడం లేదు. విసుగొచ్చి ఒకేసారి మానేశాను. రెండో రోజుకల్లా చేతులు వణికాయి, చెమటలు పట్టాయి, కన్ను మూతపడలేదు, టీవీ చప్పుడు కూడా చెవుల్లో సూదుల్లా గుచ్చుకుంది. భయమేసి మళ్లీ వేసుకుంటే గంటలో సర్దుకుంది. నేను మందుకు బానిసనయ్యానా? లేక నా జబ్బే ముదిరిందా? మా వదిన కావా, వలేరియన్, అశ్వగంధ అనే మూలికలు కలిపిన గుళికలు తెప్పించింది. 'ఇవి సహజమైనవి, ఇవి వేసుకుని ఆ మాత్ర పారెయ్' అంటోంది. అలా చేయవచ్చా?

జవాబు: ముందుగా రెండు మాటలు. ఆ మాత్రను ఇంకోసారి ఒక్కసారిగా ఆపకండి. ఆ గుళికల డబ్బా మూత తీయకండి. మిగతాది నిదానంగా చూద్దాం.

జబ్బు ముదిరిందా అన్న ప్రశ్న దగ్గర మొదలుపెడదాం. ఆందోళన మాత్ర ఆపాక కనిపించే బాధలు మూడు రకాలు. మూడింటినీ ఒక్కటే అనుకోవడం వల్లే చాలామంది మందు మీదే ఉండిపోతారు. పాత జబ్బు తిరగబెడితే అది వారాల మీద మెల్లగా వస్తుంది, పాత భయాలతోనే వస్తుంది. ఇదివరకు దేని గురించి కంగారుపడేవారో మళ్లీ దాని గురించే కంగారుపడతారు. రెండోది రీబౌండ్: అదే ఆందోళన, అదే నిద్రలేమి మందు ఆపిన ఒకటి రెండు రోజుల్లోనే పాతదాన్ని మించి ఎగదన్ని, కొద్ది రోజుల్లో దిగిపోతుంది. మూడోది అసలైన విత్‌డ్రాయల్, అంటే అలవాటుపడ్డ మందు తీసేసినందుకు ఒళ్లు తిరగబడటం. ఇందులో జబ్బులో ఎన్నడూ లేని కొత్త లక్షణాలు వస్తాయి: వెలుతురు, చప్పుడు భరించలేకపోవడం, వణుకు, చెమటలు, కండరాలు వాటంతటవే ఎగరడం, చర్మం మీద చీమలు పాకినట్టుండడం, నాలుక మీద ఇనుము రుచి, నిలబడితే నేల కదులుతున్నట్టు అనిపించడం.

మాత్ర వేసుకున్న గంటలో సర్దుకోవడం దేన్నీ తేల్చదు. ఆల్ప్రజోలం మామూలు ఆందోళనను కూడా అంతసేపట్లోనే తగ్గిస్తుంది. మీ ఉత్తరంలో అసలు ఆధారం టీవీ చప్పుడు. దాని తర్వాత రెండో రోజు అన్న మాట. మీ పాత జబ్బులో చప్పుళ్లు చెవుల్లో గుచ్చుకోవడం లేకపోతే, అది విత్‌డ్రాయలే. ఆల్ప్రజోలం లాంటి పొట్టి మందులకు, అంటే ఒంట్లోంచి త్వరగా పోయేవాటికి, అది మొదలయ్యే సమయం కూడా సరిగ్గా అదే, ఒకటి రెండు రోజులు. డయజిపాం లాంటి, ఒంట్లో ఎక్కువకాలం ఉండే పొడవాటి మందైతే వారం దాకా ఏమీ తెలియకపోవచ్చు. 'హమ్మయ్య, బయటపడ్డాను' అనుకున్నాక మొదలవుతుంది.

మధ్యాహ్నం మూడు గంటల దడ కూడా ఈ కోవలోనిదే అయ్యే అవకాశం ఎక్కువ. ఆల్ప్రజోలం సగానికి సగం ఒంట్లోంచి పోవడానికి సగటున 11 గంటలు పడుతుంది. మనిషిని బట్టి అది 6 గంటలు కావచ్చు, 27 గంటలు కూడా కావచ్చు. పొద్దున వేసుకున్న మాత్ర ఒకటి రెండు గంటల్లో శిఖరానికి చేరి అక్కడినుంచి జారుతూ వస్తుంది. నెలల తరబడి అలవాటుపడిన మెదడుకు మధ్యాహ్నానికే ఆ జారుడు తెలుస్తుంది. అంటే మీరు రోజూ రెండు మాత్రల మధ్య ఒక చిన్న విత్‌డ్రాయల్‌లోంచి నడుస్తున్నారు. దీన్ని జబ్బు పెరగడంగా పొరబడి డోసు పెంచడం అన్నిచోట్లా జరిగే పొరపాటే. పెంచితే కొన్ని వారాలు బాగుంటుంది, ఆ తర్వాత అదే మూడు గంటలు మళ్లీ వస్తాయి.

ఇది ఎందుకు జరుగుతుందో తెలిస్తే తర్వాత చెప్పే లెక్కలన్నీ సులువుగా అర్థమవుతాయి. మెదడులో ఉద్రేకాన్ని అణిచే ముఖ్య రసాయనం గాబా. అది నరకణం మీద తనకోసమున్న రిసెప్టరు అనే గూట్లో కూర్చుంటే ఒక చిన్న ద్వారం తెరుచుకుని క్లోరైడు లోపలికి వస్తుంది, ఆ నరకణం శాంతిస్తుంది. ఆల్ప్రజోలం, క్లోనజిపాం, లోరజిపాం, డయజిపాం ఇవన్నీ బెంజోడయాజిపీన్లు. ఇవి ఆ ద్వారాన్ని తాముగా తెరవవు, గాబా తెరిచే తెరపులు ఎక్కువసార్లు జరిగేలా చేస్తాయి. రోజూ ఇలా బయటినుంచి సాయం వస్తుంటే మెదడు ఊరుకోదు. రిసెప్టర్ల స్పందన తగ్గిస్తుంది, ఎదురువైపు ఉద్రేకపరిచే గ్లూటమేటు వ్యవస్థను బలపరుస్తుంది. ఆ సమతూకంలో ఉండగా మందు తీసేస్తే అణిచే వైపు బలహీనంగా, ఎగదోసే వైపు బలంగా మిగులుతాయి. ఆల్ప్రజోలం రెండు మూడు రోజుల్లో ఒంట్లోంచి పోతుంది. మెదడు చేసుకున్న సర్దుబాటు వెనక్కి పోవడానికి వారాలు, నెలలు కావాలి. ఈ రెండు వేగాల మధ్య తేడాయే మీరు చూసిన వణుకు.

కాబట్టి 'బానిస' అన్న మాట మీకు వర్తించదు. శరీరం మందుకు అలవాటుపడడం వేరు, వ్యసనం వేరు. వ్యసనమంటే మందు కోసం తహతహ, రాసిన దానికన్నా ఎక్కువ వాడటం, నష్టం కళ్లముందే కనిపిస్తున్నా ఆపలేకపోవడం. డాక్టరు రాసిన డోసును మీరు దాటలేదు, పైగా మానాలని చూశారు. రాసినట్టే వాడినవారికి కూడా ఈ అలవాటు పడుతుంది, అది గుణదోషం కాదు. వైద్యలోకానికే ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది. మొదటి బెంజోడయాజిపీన్ అయిన క్లోర్‌డయాజిపాక్సైడ్ 1960లో, డయజిపాం 1963లో మార్కెట్లోకి వచ్చాయి. అంతకుముందున్న బార్బిచ్యురేట్లు అనే మత్తు మందుల కన్నా సురక్షితమని పేరు రావడంతో చాలాకాలం ధారాళంగా రాశారు. మామూలు డోసుల్లో కూడా అలవాటు పడుతుందన్నది గట్టిగా తేలింది 1980ల మొదట్లోనే. బ్రిటన్‌లో 1988లో వీటిని 2 నుంచి 4 వారాలకే పరిమితం చేయాలని సూచించారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో ఈ తరగతి మందులన్నిటికీ శారీరక అలవాటు, విత్‌డ్రాయల్ గురించి పెట్టె కట్టిన హెచ్చరిక తప్పనిసరి చేసింది. మీ మొదటి డాక్టరు ఆరు వారాలన్నది కాస్త ఉదారమైన లెక్కే గానీ, తప్పు లెక్క కాదు. తిరగరాసిన ప్రతిసారీ 'ఇంకా ఎన్నాళ్లు' అని ఎవరూ అడగకపోవడమే అసలు తప్పు.

ఒక్కసారిగా ఆపితే అసలు ప్రమాదం వణుకు కాదు, ఫిట్స్. ఇంతకుముందు ఎప్పుడూ ఫిట్స్ రానివారికి కూడా రావచ్చు. అరుదుగా మతి తప్పడం, లేనివి కనిపించడం కూడా ఉంటాయి. ఎక్కువ డోసు, ఎక్కువ కాలం, పొట్టి మందు, మద్యం, పాత ఫిట్స్ చరిత్ర, తలకు పాత గాయం, ఇవి ముప్పును పెంచుతాయి. వీటిలో మద్యం గానీ ఫిట్స్ చరిత్ర గానీ ఉన్నా, గర్భం ఉన్నా, నల్లమందు తరగతి నొప్పి మాత్రలు వాడుతున్నా ఇంట్లో సొంతంగా తగ్గించే పని పెట్టుకోవద్దు. ఆ తగ్గింపు ఆసుపత్రి పర్యవేక్షణలో జరగాలి.

ఇక దిగే దారి. ఇవి మందు రాసే డాక్టరుతో కూర్చుని వేసుకోవాల్సిన లెక్కలు. చివరిదాకా మాత్రలు అందుతాయని రూఢి అయ్యాకే మొదలుపెట్టాలి. మధ్యలో మందు అయిపోవడం మీరు మొన్న చేసినదానితో సమానం.

తగ్గించడానికి ముందు నిలకడ కావాలి. రెండు మూడు వారాలు మొత్తం డోసు మార్చకుండా, రోజును చిన్న భాగాలుగా పంచడం ఒక మంచి మొదలు. మీది రోజుకు 1 మి.గ్రా. దాన్ని 0.5 చొప్పున రెండుసార్లు కాక 0.25 చొప్పున నాలుగుసార్లు, ఇంచుమించు ఉదయం ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు, పడుకునేటప్పుడు అని గడియారం చూసి వేసుకోవడం. మిల్లీగ్రాము కూడా పెరగదు. మధ్యాహ్నం దడ చాలామందిలో ఈ ఒక్క మార్పుతోనే సద్దుమణుగుతుంది. ఒకవేళ మీ మాత్ర మెల్లగా విడుదలయ్యే రకం అయితే దాన్ని విరవకూడదు, నలపకూడదు. విరిస్తే రోజంతటికీ ఉద్దేశించిన మందు ఒకేసారి వచ్చిపడుతుంది. అట్ట మీద ఎక్స్‌ఆర్, ఎస్‌ఆర్ లాంటి అక్షరాలున్నాయేమో చూడండి. ఉంటే ముందు మామూలు మాత్రకు మార్పించుకోవాలి.

తర్వాత వేగం. అమెరికాలో పలు వైద్య సంఘాలు కలిసి 2025లో తెచ్చిన మార్గదర్శకం ప్రకారం, మొదట్లో 2 నుంచి 4 వారాలకు 5 నుంచి 10 శాతం తగ్గింపు చాలు. రెండు వారాలకు 25 శాతం మించకూడదు. ఈ శాతం మొదటి డోసులో కాదు, ఇప్పుడు వేసుకుంటున్న డోసులో. దిగడం చెడేది ఎక్కువగా ఈ తేడా దగ్గరే. 0.25 మాత్రను సగం చేస్తే 0.125. రోజుకు 1 మి.గ్రా. మీద ఆ ముక్క తీసేస్తే తగ్గింది ఎనిమిదో వంతు, ఓర్చుకోవచ్చు. 0.5 మీద అదే ముక్క పావు వంతు. 0.25 మీద సగం. ముక్క మారలేదు, దెబ్బ నాలుగు రెట్లయింది. 'మొదటి మూడు నెలలు హాయిగా గడిచాయి, చివరి పావు మాత్ర దగ్గర కూలిపోయాను' అని చాలామంది అనేది అందుకే. డోసు తగ్గేకొద్దీ మెట్టు కూడా చిన్నది కావాలి.

ఆల్ప్రజోలం మాత్రల్లో అంత చిన్న మెట్లు దొరకవు. అందుకే కొందరు డాక్టర్లు దాన్ని డయజిపాంలోకి మార్చి అక్కడినుంచి దింపుతారు. డయజిపాం, దాని నుంచి పుట్టే మరో పదార్థం ఒంట్లో రోజుల తరబడి ఉంటాయి కాబట్టి మధ్యాహ్నపు జారుడు ఉండదు, పైగా 2 మి.గ్రా. మాత్ర దొరుకుతుంది. బ్రిటన్‌లోని న్యూకాజిల్‌లో 1982 నుంచి 1994 దాకా ఈ మందులు మాన్పించే క్లినిక్ నడిపిన ప్రొఫెసర్ హీథర్ యాష్టన్ పట్టికలో 0.5 మి.గ్రా. ఆల్ప్రజోలంకు 10 మి.గ్రా. డయజిపాం సమానం. ఆ లెక్కన మీది 20. వేరే పట్టికలు ఇందులో సగమే చెబుతాయి కూడా. కాబట్టి ఇది త్రాసులో తూచినంత కచ్చితమైన సంఖ్య కాదు, డాక్టరు మీ స్థితిని చూసి సర్దాల్సిన అంచనా. మార్పు కూడా ఒక్కరోజులో జరగకూడదు. ముందు రాత్రి డోసులో కొంత, వారం ఆగి మిగతాది, ఆ తర్వాత పగటి డోసులు అన్నట్టు ఒక్కొక్కటిగా మార్చాలి. మొదటి రోజుల్లో డయజిపాం పేరుకుని మగత వస్తుంది. అప్పుడు బండి నడపకూడదు. వయసు మళ్లినవారికి, కాలేయం దెబ్బతిన్నవారికి ఈ దారి సరిపడదు, ఎందుకంటే ఆ పేరుకోవడం వాళ్లలో చాలా ఎక్కువ.

ఎంతకాలం పడుతుందో ఒక నమూనా చూడండి. 20 నుంచి 10 దాకా 2 మి.గ్రా. చొప్పున ఐదు మెట్లు. 10 నుంచి 5 దాకా 1 చొప్పున ఐదు. 5 నుంచి సున్నాకు అర చొప్పున పది. మొత్తం ఇరవై మెట్లు, మెట్టుకు రెండు వారాలంటే 40 వారాలు. ఈ లెక్కలో కూడా 12 నుంచి 10కి, 6 నుంచి 5కి దిగే చోట మెట్టు కాస్త పెద్దదే. అక్కడ నాలుగు వారాలు ఆగడమో, మెట్టును రెండుగా చేయడమో మంచిది. చిట్టచివరి 1 నుంచి అర, అర నుంచి సున్నా శాతాల్లో ఇంకా పెద్దవి. అక్కడ పావు మిల్లీగ్రాము మెట్లు కావాలంటే ద్రవరూపం అవసరమవుతుంది. ఏడాది పట్టినా అది ఓటమి కాదు. ఆరు వారాల్లో దిగి ఎనిమిదో వారంలో మళ్లీ మొదటి డోసుకు ఎక్కడమే నష్టం.

మాత్ర విరిచే పనిని చిన్నచూపు చూడకండి. కత్తితో కోస్తే పొడిగా రాలుతుంది. మందుల షాపులో దొరికే మాత్రలు కోసే డబ్బీ వాడండి. అప్పుడు కూడా రెండు సగాలు సమానంగా రావు. ఒక మాత్ర రెండు సగాలనూ వరసగా వచ్చే రెండు డోసుల్లో వేసుకుంటే ఆ తేడా సరిపోతుంది. ఒకటి రెండు రోజులకు సరిపడానే కోసి పెట్టుకోండి. ఆల్ప్రజోలంను నీళ్లలో కలిపి సిరంజితో కొలిచి తాగే పద్ధతి చెబుతుంటారు. అది నీళ్లలో దాదాపు కరగదు, అడుగున చేరుతుంది. పైనుంచి తీస్తే తక్కువ, అడుగు నుంచి తీస్తే ఎక్కువ వస్తుంది. చిన్న మెట్లు కావాలంటే ఫార్మసిస్టు తయారుచేసే ద్రవరూపం గురించి డాక్టరును అడగాలి.

అందరికీ తట్టే ఒక చిట్కా ఉంది, దాన్ని మాత్రం వదిలేయండి: రోజు విడిచి రోజు వేసుకోవడం. పదకొండు గంటల మందును నలభై ఎనిమిది గంటలకు ఒకసారి వేసుకుంటే అది తగ్గించడం కాదు, రెండు రోజులకోసారి విత్‌డ్రాయల్ తెచ్చుకోవడం. 'అవసరమైతే ఇంకో సగం' కూడా అలాంటిదే. ఎక్కీ దిగే డోసుతో మెదడుకు సర్దుకునే స్థిమితం దొరకదు. పైగా కంగారు పుట్టగానే మాత్ర అన్న ముడి ఇంకా బిగుస్తుంది.

దిగుతుండగా కష్టమైతే ఏం చేయాలి? ఎక్కకండి, ఆగండి. అదే డోసు మీద ఇంకో రెండు నుంచి నాలుగు వారాలు ఉండి, తర్వాతి మెట్టు సగానికి తగ్గించండి. కష్టం నిజంగా భరించలేనిదైతే డాక్టరుతో మాట్లాడి ఒక్క మెట్టు పైకి వెళ్లడంలో తప్పు లేదు, మొదటి డోసుకు పరుగెత్తడమే వద్దు. రోజూ ఒకే సమయంలో నోటు పుస్తకంలో మూడు అంకెలు రాయండి: ఆ రోజు డోసు, ఆందోళన పదికి ఎంత, నిద్ర ఎన్ని గంటలు. ఒక్కరోజు అంకె చూసి నిర్ణయాలు తీసుకోకండి, వారం సగటు చూడండి. ఈ బాధలు సరళరేఖలో తగ్గవు. నాలుగు రోజులు తేటగా ఉండి అయిదో రోజు అలలా మీదపడతాయి. అది వెనక్కి పోవడం కాదు. చివరి డోసు తర్వాత ఎక్కువమందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. కొద్దిమందికి నెలల పాటు అలలుగా సాగుతుంది.

నిద్ర సంగతి విడిగా చెప్పాలి, ఎక్కువమంది మళ్లీ మాత్ర వైపు తిరిగేది అక్కడే. రాత్రి ఎన్నింటికి నిద్రపట్టినా లేచే సమయం ఒక్కటే పెట్టుకోండి. ఇరవై నిమిషాలదాకా పట్టకపోతే మంచం దిగి మసక వెలుతురులో కూర్చోండి, కునుకు వచ్చినప్పుడే తిరిగి వెళ్లండి. పగటి నిద్ర మానండి. కాఫీని ఒక్కసారిగా కాక మెల్లగా తగ్గించండి. కాఫీ తలనొప్పిని కూడా విత్‌డ్రాయల్ ఖాతాలో వేసుకుని భయపడటం ఎందుకు? ఆందోళనకు ఆలోచనల శిక్షణ ఇచ్చే సీబీటీ చికిత్స వీలైతే మందు తగ్గించకముందే మొదలుపెట్టండి. దిగే సమయంలో బాగా పనికొచ్చే సాయం అది.

మీ డోసు మారకపోయినా రక్తంలో మందు మారే సందర్భాలు ఉన్నాయి. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, ఇట్రాకొనజోల్, కీటోకొనజోల్, ఫ్లూవాక్సమిన్ ఆల్ప్రజోలంను ఒంట్లో పెంచుతాయి. మొదట మగత వస్తుంది. ఆ కోర్సు అయిపోగానే మందు పడిపోయి, ఏ కారణం లేకుండానే విత్‌డ్రాయల్ వచ్చినట్టు ఉంటుంది. కార్బమజెపిన్, రిఫాంపిసిన్ తద్విరుద్ధం, మందును త్వరగా కరిగించేస్తాయి. సిప్రోఫ్లోక్ససిన్ తరగతి యాంటీబయాటిక్కులు ఫిట్స్ ముప్పును కొంత పెంచుతాయి, దిగే రోజుల్లో ఇంకోటి దొరికితే అదే మేలు. జలుబుకు, పంటికి, కడుపుకు ఎవరు ఏ మందు రాస్తున్నా ముందు ఈ మాట చెప్పండి. మద్యం, నల్లమందు తరగతి నొప్పి మాత్రలు వీటితో కలిస్తే ఊపిరే మందగిస్తుంది.

బదులుగా ఇంకో మందు ఇవ్వవచ్చా అని మీ డాక్టరును అడగబోతారు కాబట్టి క్లుప్తంగా: సెరటోనిన్ అనే మెదడు రసాయనాన్ని పెంచే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ తరగతి మందులు దీర్ఘకాలపు ఆందోళనకు మంచివి. అవసరమైతే ముందు అవి మొదలుపెట్టి, నాలుగారు వారాల్లో కుదురుకున్నాక ఆల్ప్రజోలం తగ్గించడం వరస. అవి ఆపేటప్పుడు కూడా మెల్లగానే ఆపాలి. పరాక్సిటీన్, వాటికి దగ్గరి బంధువైన వెన్లాఫాక్సిన్ తలలో కరెంటు కొట్టినట్టు అనిపించడానికి పేరుపడ్డవి. బస్పిరోన్‌కు అలవాటు పడదు, కానీ అది బెంజోడయాజిపీన్ విత్‌డ్రాయల్‌ను ఆపదు, పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ప్రొప్రనలాల్ దడను, వణుకును కప్పిపెడుతుంది, ఫిట్స్‌ను ఆపదు. ప్రీగాబాలిన్ కొంత పనికొస్తుంది గానీ దానికీ అలవాటు, విత్‌డ్రాయల్ ఉన్నాయి. 2019 నుంచి బ్రిటన్ దాన్ని నియంత్రిత మందుల్లో చేర్చింది. జోల్పిడెం, ఎటిజోలం ఇవ్వబోతే వద్దనండి. పేర్లు వేరు గానీ అవి పట్టుకునేది అదే రిసెప్టరును.

ఇప్పుడు మీ వదిన గుళికలు. ఇక్కడ ఒక చిన్న తర్కం ఉంది. ఏ మూలిక అయినా గాబా మీద గట్టిగా పనిచేయకపోతే, అది ఆల్ప్రజోలం ఖాళీని పూడ్చలేదు, మీకు ఫిట్స్ ముప్పు అలాగే ఉంటుంది. గట్టిగా పనిచేస్తే మెదడు దానికీ అలాగే సర్దుకుంటుంది. పెనం మీంచి పొయ్యిలోకి. 'సహజం' అన్న మాట ఈ రెండింటిలో దేన్నీ మార్చదు. నల్లమందు కూడా మొక్క నుంచి వచ్చిందే.

కావా ఆందోళనను కొంత తగ్గిస్తుందన్నది నిజం. కాలేయం దెబ్బతిన్న కేసులు బయటపడటంతో 2002లో జర్మనీ దాన్ని నిషేధించింది, అమెరికా హెచ్చరిక జారీచేసింది. తర్వాత జర్మనీ నిషేధం కోర్టులో నిలవలేదు, ముప్పు మాత్రం పోలేదు. ఆల్ప్రజోలంతో కలిస్తే మగత ఇంకా పెరుగుతుంది. వలేరియన్ అంత బలమైనది కాదు. అయినా పెద్ద మోతాదులో ఏళ్ల తరబడి వాడి ఒక్కసారిగా ఆపిన ఒక రోగికి మతిభ్రమ, గుండె ఇబ్బంది వచ్చిన కేసు 1998లో వైద్య పత్రికలో నమోదైంది. ఒక్క కేసుతో ఏదీ రుజువు కాదు, కానీ వలేరియన్ కూడా మెల్లగా ఆపడమే తెలివి. అశ్వగంధ మగతను పెంచగలదు, థైరాయిడ్ హార్మోన్లను పెంచవచ్చు. థైరాయిడ్ పెరిగితే వచ్చేవి దడ, వణుకు, చెమట, నిద్రలేమి. మందు తగ్గించే రోజుల్లో ఆ నాలుగూ వస్తే ఏది దేనివల్లో ఎవరూ చెప్పలేరు. దానితో కాలేయ వాపు వచ్చిన కేసులూ ఉన్నాయి. ఈ మూడూ ఒకే గుళికలో ఉంటే కాలేయం మీద రెండు అనుమానితులను ఒకేసారి వదిలినట్టు.

రేపు ఇంకెవరైనా ఇంకోటి తెస్తారు కాబట్టి మిగతావి కూడా. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక ఈ పరిస్థితిలో అన్నిటికన్నా తెలివితక్కువ ఎంపిక. అది కాలేయంలో ఆల్ప్రజోలంను కరిగించే ఎంజైమును పెంచుతుంది. మాత్ర అంతే వేసుకుంటున్నా ఒకటి రెండు వారాల్లో మందు ప్రభావం పడిపోయి విత్‌డ్రాయల్ వస్తుంది. ఎస్‌ఎస్‌ఆర్‌ఐలతో కలిస్తే సెరటోనిన్ మితిమీరుతుంది. ఫెనిబట్ అన్నిటికన్నా ప్రమాదకరం. 1960లలో సోవియట్ యూనియన్‌లో మందుగా పుట్టింది, ఇప్పుడు సప్లిమెంటు ముసుగులో తిరుగుతోంది. గాబా కూర్చునే మరో రకం రిసెప్టరైన గాబా-బి మీద పనిచేస్తుంది, రోజుల్లోనే డోసు పెంచాల్సి వస్తుంది, ఆపితే భ్రమలు, తీవ్రమైన ఆందోళనతో ఆసుపత్రి పాలైనవారున్నారు. లేబుల్ మీద దాని పేరు బీటా-ఫినైల్-గాబా అనో, 4-అమైనో-3-ఫినైల్‌బ్యూటిరిక్ యాసిడ్ అనో ఉండవచ్చు. గాబా పేరుతోనే అమ్మే గుళికలు దీనికి వేరు. రక్తం నుంచి మెదడులోకి అది చాలా తక్కువగా దాటుతుంది, డబ్బు దండుగ తప్ప పెద్ద హాని లేదు. గంజాయి మొక్క నుంచి తీసే సీబీడీ కాలేయ ఎంజైములను అడ్డుకుని మందు స్థాయిలను పెంచగలదు. మెగ్నీషియం, మెలటోనిన్ మామూలు మోతాదుల్లో పెద్ద ఇబ్బంది పెట్టవు, మూత్రపిండాల జబ్బుంటే మెగ్నీషియం వద్దు. అయినా మందు మెట్టు దిగిన వారంలోనే కొత్తది ఏదీ మొదలుపెట్టకండి. ఒకసారికి ఒక్క మార్పే.

డబ్బా మీద 'ప్రొప్రైటరీ బ్లెండ్' అని రాసి మొత్తం మిల్లీగ్రాములే ఇచ్చి, ఏది ఎంతో చెప్పకపోతే దాన్ని వాడే ప్రశ్నే లేదు. ఆందోళనకు 'అరగంటలో పనిచేస్తుంది' అని చెప్పుకునే మూలికను మరీ అనుమానించండి. కొన్ని సప్లిమెంట్లలో లేబుల్ మీద లేని మత్తుమందులు దొరికిన సందర్భాలున్నాయి.

మీరు మొన్న మానిన రెండు రోజుల గురించి డాక్టరుకు తేదీలతో సహా చెప్పండి. ఫిట్స్, స్పృహ తప్పడం, మనిషిని గుర్తుపట్టలేకపోవడం, లేనివి కనిపించడం, విపరీతమైన జ్వరంతో వణుకు, చనిపోవాలన్న ఆలోచన, వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి. అక్కడ మొదటి మాటగా ఆల్ప్రజోలం వాడుతున్నారనీ, ఎప్పుడు ఎంత ఆపారనీ ఇంట్లోవాళ్లు చెప్పాలి. ఎందుకంటే బెంజోడయాజిపీన్ మత్తును తిప్పికొట్టే ఫ్లూమజెనిల్ ఇంజెక్షను అలవాటుపడ్డ మెదడులో ఫిట్స్ తెప్పించగలదు. డోసు, డాక్టరు పేరు రాసిన చీటీ ఒకటి పర్సులో ఉంచుకోండి. ఆపరేషన్ ఏదైనా ఉంటే మత్తు డాక్టరుకు కూడా అదే చూపించండి.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ గుళికల డబ్బా కూడా తీసుకెళ్లండి. ఇప్పటికే కొన్ని వేసుకుని ఉంటే ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని అని చెప్పండి. మూత్రం ముదురు రంగులో రావడం, కళ్లు పచ్చబడటం, వికారం, కుడి పక్కటెముకల కింద నొప్పి ఉంటే వెంటనే ఆపి, అదే రోజు కాలేయ పరీక్ష చేయించుకోండి.